కృత్రిమ మేధకు కార్యాధికారము

వ్యాపార సాఫ్ట్‌వేరునకు కృత్రిమ మేధా సహాయకుని జోడించినంత మాత్రమున అది పనులు చేయజాలదు. ప్రశ్నకు ఉత్తరము వ్రాయుట దాని సహజశక్తియే గాని, ఖాతాదారుని ఆర్డరు వెదకుటకును, చిరునామా మార్చుటకును, సొమ్ము వాపసు చేయుటకును ప్రత్యేక సాధనములను సమకూర్పవలసియుండును. 2024లో సేల్స్‌ఫోర్స్ సంస్థ వెలువరించిన ఏజెంట్‌ఫోర్స్‌లో వీనికి యాక్షన్లని పేరు. ఫ్లో అను దృశ్యరూప పరికరముతోనో, ఏపెక్స్ అను ప్రోగ్రామింగు భాషతోనో, ముందుగా సిద్ధపరచిన ప్రాంప్టు నమూనాతోనో వీనిని నిర్మింపవచ్చును.

నిర్మాణముకంటెను మిక్కుటమైన శ్రద్ధ ప్రతి యాక్షనుకు తోడుగా వ్రాయు వివరణపై వహింపవలెను. ఏలయన, వాడుకరి "నా సరకు ఇంకా రాలేదు" అన్నప్పుడు ఏ సాధనమును పిలువవలెనో భాషానమూనా నిర్ణయించుటకు ఆ వివరణయే ముఖ్యాధారము. 'ఆర్డరు పని' అని ముక్తసరిగా వ్రాసి విడిచినచో, ఆర్డరు స్థితిని తెలుపు సాధనమునకును, దానిని రద్దు చేయు సాధనమునకును గల భేదమును గుర్తింపక అది తడబడవచ్చును. కావున సాధనము ఎప్పుడు వాడదగినదో, ఎప్పుడు వాడరాదో, ఆర్డరు సంఖ్య ఏ రూపమున ఉండవలెనో, అది లభింపనప్పుడు ఊహింపక వాడుకరినే అడుగవలెననియు విస్పష్టముగా పేర్కొనవలెను.

ధనమును కదలించు, రికార్డులను మార్చు యాక్షన్లకు ముందు వాడుకరి అనుమతి కోరునట్లు అమర్చు సదుపాయము కలదు. దానిని తొందరపాటున విడిచిపెట్టుట, నా దృష్టిలో, క్షమింపరాని అశ్రద్ధ. సూచనలలో వ్రాసిన మాటలకు భాషానమూనా ఎల్లప్పుడును కట్టుబడునన్న హామీ లేదు గనుక, వాపసు సొమ్మునకు గరిష్ఠ పరిమితి ఫ్లోలోనో ఏపెక్స్‌లోనో నిబంధనగా ఉండితీరవలెను. పిమ్మట, ప్రత్యక్ష వినియోగమునకు పూర్వమే, శాండ్‌బాక్స్ అను పరీక్షాస్థలమున, జనులు నిజముగా పలుకు అసంపూర్ణ వాక్యములతో సహాయకుని పరీక్షింపవలెను.