మాత్‌మ్యాన్, సిల్వర్ బ్రిడ్జి: ఎపిసోడ్‌లో మిగిలిపోయిన ఇనుము సంగతి

పోయిన ఎపిసోడ్‌లో మాత్‌మ్యాన్ గురించి మాట్లాడాం కదా, విన్నాక మా క్యాంపులో కుర్రాళ్లు అడిగింది ఒకటే: "అన్నా, ఆ వంతెన దానివల్లే కూలిందా?" దయ్యాల సంగతి నాకు తెలీదు గానీ ఇనుము సంగతి కొంత తెలుసు. ఐటీఐ అయినప్పట్నించీ సైట్ల మీదే బతుకు.

వినని వాళ్లకి కథ క్లుప్తంగా. అమెరికా వెస్ట్ వర్జీనియాలో, ఒహాయో నది ఒడ్డున పాయింట్ ప్లెజెంట్ అనే చిన్న ఊరు. 1966 నవంబర్ 15 రాత్రి, పాత మందుగుండు ఫ్యాక్టరీ దగ్గర కారులో వెళ్తున్న రెండు జంటలకి పెద్ద రెక్కలు, ఎర్రగా మెరిసే కళ్లు ఉన్న ఆకారం కనపడింది. కారు వెంట ఎగురుకుంటూ వచ్చిందన్నారు. తర్వాత ఇంకా చాలామంది చూశామన్నారు. యూనివర్సిటీ జీవశాస్త్రవేత్త రాబర్ట్ స్మిత్ మాత్రం అది శాండ్‌హిల్ కొంగ అయ్యుంటుందన్నాడు. దాని కళ్ల దగ్గర ఎర్రటి మచ్చ ఉంటుంది, రెక్కలు చాపితే ఆరడుగుల దాకా వస్తుంది. చీకట్లో భయపడ్డవాడికి అంత చాలు.

1967 డిసెంబర్ 15 సాయంత్రం, క్రిస్మస్ ముందు రద్దీలో, సిల్వర్ బ్రిడ్జి వాహనాలతో సహా నదిలో పడింది. 46 మంది పోయారు. ఇద్దరి శవాలు దొరకనే లేదు. జనం రెండింటినీ ముడేశారు. 1975లో జాన్ కీల్ పుస్తకం, 2002లో సినిమా ఆ ముడిని ఇంకా బిగించాయి.

ఇప్పుడు ఇనుము. 1928 నాటి ఆ వేలాడే వంతెనకి తీగల కేబుళ్లు లేవు. చివర్లలో కన్నాలున్న పొడవాటి ఉక్కు కడ్డీలు, వాటిని ఐబార్లంటారు, పిన్నులతో గొలుసులా కలిపారు. ఒక్కో లింకుకి రెండే కడ్డీలు. ఒకటి తెగితే రెండోది ఒంటరిగా మోయలేదు, పిన్ను నుంచి జారిపోతుంది. విచారణలో తేలింది ఏంటంటే, ఒక ఐబారు కన్నం లోపల సుమారు 2.5 మిల్లీమీటర్ల లోతు పగులు. రూపాయి బిళ్లలు రెండు పేర్చినంత కూడా లేదు! తుప్పు, లోడు కలిసి ఏళ్ల తరబడి దాన్ని పెంచాయి. జాయింటు విప్పితే తప్ప కంటికి కనపడదు. బండ్లు నడిచే వంతెనకి జాయింటు ఎవరు విప్పుతారు?

నేను పనిచేసిన ఒక చోట స్కాఫోల్డింగ్ కూలి కుర్రాడు చనిపోతే "వాడి టైమ్ బాలేదు" అన్నారు. తుప్పు పట్టిన క్లాంపుల మాట ఎవరూ ఎత్తలేదు. అందుకే శకునం కథలు నాకు అంత సరదాగా అనిపించవు.

అక్కడ మాత్రం ఎత్తారు. అదే డిజైన్‌తో సెయింట్ మేరీస్ దగ్గరున్న జోడీ వంతెనని మూసేసి, తర్వాత కూల్చేశారు. 1971లో దేశమంతటికీ వంతెనల తనిఖీ నియమాలు వచ్చాయి. పాయింట్ ప్లెజెంట్‌లో 2003 నుంచి మాత్‌మ్యాన్ విగ్రహం ఉంది, ఏటా పండగ కూడా చేస్తారు. పోయినవాళ్ల పేర్లతో స్మారకం కూడా ఆ ఊళ్లోనే ఉంది.