ఊతకర్రకు టోపీ: అపోహలు – వాస్తవాలు

చలి వెనక్కి తగ్గిందంటే చాలు, డాలస్ నుంచి న్యూజెర్సీ దాకా తెలుగువాళ్ళ బ్యాక్‌యార్డుల్లో హడావుడి మొదలవుతుంది. టమాటా, వంగ నార్లు నాటాలి, బీర, సొర, కాకర పాదులకు పందిళ్ళు వెయ్యాలి. ఇండియా నుంచి ఆరు నెలలకని వచ్చిన అమ్మానాన్నలుంటే ఆ సందడే వేరు. హోమ్ డిపోలో కట్టలుగా అమ్మే సన్న వెదురు కర్రలు తెచ్చి మొక్కమొక్కకూ ఒకటి గుచ్చుతారు. వాటి కొసలకు కొందరు పెరుగు కప్పులో, పాత టెన్నిస్ బంతులో తొడుగుతారు. ఎందుకని అడిగితే ఒక్కొక్కరిదీ ఒక్కో జవాబు.

అపోహ: అది దిష్టికి.

చేలో కర్ర మీద సున్నం బొట్ల కుండ బోర్లించడం చూస్తూ పెరిగినవాళ్ళకు అలా తోచడంలో వింతేం లేదు. కానీ దిష్టికుండ చేనంతటికీ ఒకటి చాలు, ఈ టోపీ మాత్రం ప్రతి కర్రకూ ఉండాలి. ఇది వంగిన మనిషి కన్ను పొడుచుకోకుండా పెట్టేది. వంకాయ కోస్తున్నప్పుడు చూపంతా కాయ మీదే ఉంటుంది. కర్ర సరిగ్గా ముఖానికి ఎదురుగా ఉంటే దాని పొడవు కనబడదు, కొస ఒక్కటే చుక్కలా ఉంటుంది. ఆకుల మధ్య ఆ చుక్క కూడా కలిసిపోతుంది.

అపోహ: పొట్టి కర్రలతో భయం లేదు.

అసలు భయం వాటితోనే. పందిరి గుంజ ఎలాగూ కంటికి ఆనుతుంది. మిరపకూ వంగకూ పెట్టే మూడడుగుల కర్ర వంగినవాళ్ళ ముఖానికీ, పెరట్లో పరుగెత్తే చిన్నపిల్లల ముఖానికీ సరిగ్గా అందే ఎత్తులో ఉంటుంది.

అపోహ: కొస మొద్దుగా ఉంటే చాలు, ఏది తొడిగినా ఒకటే.

పెద్దవాళ్ళ కంటిగూడు ఎముకల నడుమ సుమారు 4 సెంటీమీటర్ల వెడల్పు, 3.5 సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది. అంతకన్నా పెద్ద వస్తువు వచ్చి తగిలితే ముందు దెబ్బ నుదుటి ఎముకకో చెంప ఎముకకో తగులుతుంది. చిన్నదైతే నేరుగా కనుగుడ్డుకే. వైన్ సీసా బిరడా అడ్డుకొలత 2.4 సెంటీమీటర్లే. గుచ్చుకోకపోవచ్చు గానీ గుద్దుకోవడం మాత్రం ఖాయం. మందులషాపు వాళ్ళిచ్చే నారింజరంగు సీసాల్లో చిన్నవాటి సంగతీ అంతే. వాటిని వాడేటట్టయితే పెద్దవి చూసుకుని, పేరున్న లేబుల్ ముందే చింపెయ్యాలి. గాజు సీసాలు అసలే వద్దు.

టెన్నిస్ బంతి ఆరున్నర సెంటీమీటర్ల పైమాటే. రంగు టీవీలో బాగా కనబడాలని 1972లో పసుపు బంతులను నిబంధనల్లోకి తెచ్చారు. ఆ పసుపు తోటలోనూ అంతే బాగా కనబడుతుంది. కోసేటప్పుడు మాత్రం జాగ్రత్త! బంతిని అరచేతిలో పట్టుకుని కూరల కత్తితో పొడిస్తే కంటికి తప్పిన గాయం చేతికి తగులుతుంది. బల్లకు క్లాంపుతో బిగించి, కర్ర మందం కన్నా చిన్న గాటు పెట్టి, మెలితిప్పుతూ దించాలి. కర్రను తలకిందులు చేసి విదిలించినా బంతి ఊడకూడదు. పెరుగు కప్పు వెడల్పు బాగానే ఉంటుంది గానీ గట్టి గాలి వీస్తే పక్కింట్లో తేలుతుంది. లోపల పాత సాక్సు కుక్కితే నిలుస్తుంది. ఎండకు ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది కాబట్టి ఏటేటా మార్చడం మంచిది.

అపోహ: టోపీ ఉంటే కర్ర కుళ్ళదు.

కర్ర కుళ్ళేది మట్టి దగ్గర, కొస దగ్గర కాదు. అయినా కప్పును బోర్లిస్తేనే మేలు. మూతి పైకి పెడితే వాననీళ్ళు నిలుస్తాయి, దోమలకు ఆ గుక్కెడు నీళ్ళు చాలు. పాత టైర్లలో నిలిచిన నీళ్ళతో అమెరికా చేరి, 1985లో హ్యూస్టన్‌లో స్థిరపడినట్టు బయటపడ్డ ఆసియా పులిదోమ, వేసవిలో వారం పది రోజుల్లో గుడ్డు నుంచి రెక్కలదాకా వచ్చేస్తుంది.

అపోహ: కర్రకు గుడ్డు డొల్ల పెడితే క్యాబేజీ సీతాకోకలు దగ్గరికి రావు.

ఇంగ్లండు తోటల్లోంచి వచ్చిన మాట ఇది. ఆ డొల్ల సీతాకోకలకు పోటీ సీతాకోకలా కనబడుతుందట! రుజువైతే లేదు. పైగా చెయ్యి తగిలితే చిట్లిపోయే డొల్ల కంటికేం అడ్డు?

అపోహ: కూరగాయల తోటకు చట్టం అండ ఉంది, హెచ్‌ఓఏ (ఇళ్ళ యజమానుల సంఘం) ఏమీ అనడానికి లేదు.

ఫ్లోరిడా 2019లో చేసిన చట్టం కట్టడి చేసింది ఊళ్ళ పాలకవర్గాలను. హెచ్‌ఓఏ నిబంధనలు దాని కిందికి రావు. టోపీలన్నీ ఒకే రంగువైతే గొడవ తక్కువ.

అపోహ: కళ్ళజోడు ఉందిగా.

చదువుకునే జోడు పక్కల నుంచి ఖాళీ, వంగితే ముక్కు మీదికి జారుతుంది. జెడ్87 గుర్తున్న రక్షణ కళ్ళద్దాలు హార్డ్‌వేర్ షాపుల్లో చవకే.

అపోహ: చిన్న గీతేగా, ఊరినుంచి తెచ్చిన చుక్కలు వేస్తే సరి.

అన్నిటికన్నా ప్రమాదం ఇదే. చనుబాలు, నందివర్ధనం పువ్వు, పెట్టెలో వచ్చిన పాత చుక్కలమందు, మనవాళ్ళ దగ్గర అన్నీ ఉంటాయి. వెదురు, ఆకు, గడ్డి లాంటివి గీసుకున్న కంటిలో ఫంగస్ చేరవచ్చు. మొదట్లో పెద్దగా తెలియదు. కొన్ని రోజులు గడిచాక నొప్పి, ఎరుపు, నల్లగుడ్డు మీద తెల్లమచ్చలాంటి పుండు వస్తాయి. డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు 1987లో హైదరాబాదులో స్థాపించిన ఎల్.వి. ప్రసాద్ కంటి ఆస్పత్రి వైద్యులకు పొలం పనుల నుంచి వచ్చే ఈ పుండ్లు బాగా తెలిసినవే. అమెరికాలో చాలామంది కంటి డాక్టర్లకు ఇవి ఎక్కువగా కాంటాక్ట్ లెన్సుల వల్ల తెలుసు. స్టెరాయిడ్ కలిసిన చుక్కలు వేస్తే ఎరుపు తగ్గినట్టే ఉంటుంది, లోపల ఫంగస్‌కు మాత్రం అడ్డు తొలగిపోతుంది.

కన్ను నిజంగా పొడుచుకుంటే కడగకూడదు, రుద్దకూడదు, లోపల పుల్ల దిగి ఉంటే లాగకూడదు. ఒత్తిడి పడకుండా కాగితపు కప్పు బోర్లించి, ప్లాస్టర్ అతికించి ఎమర్జెన్సీకి వెళ్ళాలి. గుచ్చుకున్నది తోటలోని వెదురు కర్ర అని అక్కడ మొదటి మాటగా చెప్పాలి.