సర్పాహారమునకై మూషికముల పెంపకము: పావగడ సీమకు అన్వయము

పావగడ తాలూకా తుమకూరు జిల్లాకు చెందినదే యైనను, మడకశిర, పెనుగొండ, కళ్యాణదుర్గము సీమల నడుమ చొచ్చుకొని యుండుటచే భాషలోను, పంటలోను, ఆచారములోను రాయలసీమకు తోబుట్టువు వంటిది. కుక్కెయందు ఆది సుబ్రహ్మణ్యుడు, ఘాటియందు మధ్య సుబ్రహ్మణ్యుడు, ఉత్తర పినాకినీ తీరమున మా నాగలమడకయందు అంత్య సుబ్రహ్మణ్యుడు వెలసినారని ప్రతీతి. కావున ఇచ్చటివారికి సర్పము దైవస్వరూపము. పుట్టలో పాలు పోయుట మన స్త్రీలు తరతరములుగా ఆచరించుచున్న వ్రతము. ఆ భక్తిని నేను తక్కువ చేయను. కాని పాలు పాముకు ఆహారము కావు. చేనిగట్టున తిరుగు పాము వెదకునది ఎలుకను. ఈ వ్యాసమున నేను వివరింపదలచినది ఆ ఎలుకను గూర్చియే. మనుష్యుల సంరక్షణలో నున్న పాములకు ఆహారముగా నిచ్చుటకై ఎలుకలను ఎట్లు పెంచవలెనో, వానికి ఎట్టి వసతి నమర్పవలెనో అను విషయము.

ముందుగా ఒక హెచ్చరిక చేయవలసి యున్నది. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి మన దేశపు నాగుపామును గాని, జెర్రిపోతును గాని, కొండచిలువను గాని ఇంట పెంచుట నేరము. చిన్నపాము గదా యని సీసాలో పెట్టుకొనుటకును వీలు లేదు. విదేశీయములగు పాములలో, బాల్ పైథాన్ అను ఆఫ్రికా కొండచిలువవలె అంతర్జాతీయ ఒడంబడికకు లోబడినవానిని ఉంచుకొనువారు 2024వ సంవత్సరపు నియమముల ప్రకారము ప్రభుత్వమువద్ద నమోదు చేయించుకొనవలెను. అమెరికాలో స్థిరపడిన మన కుటుంబముల పిల్లలు ఇట్టి పాములను ముద్దుగా పెంచుట ఇప్పుడు వింత కాదు. జంతుప్రదర్శనశాలలవారికిని ఇట్టి ఎలుకల అవసరము కలదు. వారందరికిని మూలమగు విద్య ప్రయోగశాలలనుండి వచ్చినదే. 1918లో కూనూరున ప్రారంభమై 1958లో హైదరాబాదునకు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థవంటి చోట్ల తెల్ల ఎలుకలను తరతరములుగా పోషించిన పద్ధతియే మనకును ఆదర్శము.

చేలలో ఇన్ని ఎలుకలుండగా పెంచుట యెందుకని మా ఊరి రైతులు నవ్వవచ్చును. శెనక్కాయ చేలలో పందికొక్కులకు కొదువ లేదన్న మాట నిజమే. కాని వానిని పట్టి పాముకు వేయుట ప్రమాదకరము. వాని దేహమున పిడుదులు, నులిపురుగులు, ఎలుకజ్వరపు సూక్ష్మక్రిములు ఉండవచ్చును. అంతకంటె ముఖ్యమైనది విషపు ఎర. రైతులు వాడు జింకు ఫాస్ఫైడు ఎలుక కడుపులో విషవాయువుగా మారును. బ్రోమాడియోలోను రక్తమును గడ్డకట్టనీయదు. అట్టి ఎర మ్రింగిన ఎలుక చచ్చుటకు ముందు కొంతకాలము తిరుగాడుచునే యుండును గనుక, చూచి గుర్తించుట సాధ్యము కాదు.

పెంపకమునకు తగినవి రెండు: తెల్ల చిట్టెలుక, తెల్ల ఎలుక. చిట్టెలుక గర్భధారణకాలము 19 నుండి 21 దినములు. ఒక ఈతకు 6 మొదలు 12 పిల్లలు. ఎలుకకు 21 నుండి 23 దినములు పట్టును. రెండింటి పిల్లలును వెండ్రుకలు లేక, కన్నులు తెరువక, గులాబివన్నెతో పుట్టి, రెండు వారములకు కన్నులు తెరచి, మూడు వారములకు పాలు మానును. చిట్టెలుక ఆరు మొదలు ఎనిమిది వారములకే ఈడేరును. ఈనిన దినముననే ఆడుది మరల గర్భము ధరింపగలదు. మగదానిని ప్రక్కనే యుంచినచో తల్లికి విశ్రాంతి యుండదు. ఒక మగదానికి మూడు ఆడువానిని జతగూర్చి, నిండు చూలాలిని వేరుపరచుట మేలు. మరియొక విశేషము: క్రొత్తగా గర్భము నిలిచిన చిట్టెలుకకు పరాయి మగదాని వాసన తగిలినచో ఆ గర్భము నిలువదు. దీనిని 1959లో హిల్డా బ్రూస్ అను శాస్త్రజ్ఞురాలు కనుగొనినది. కావున మగవానిని మాటిమాటికి మార్చువాడు పిల్లలు లేవని వగచుట తన దోషమే.

లెక్క వేసి చూచినచో మూడు ఆడు చిట్టెలుకలు నెలకొక ఈత చొప్పున సుమారు ఇరువదినాలుగు పిల్లల నిచ్చును. చిన్న పాము వారమునకొక్కటి తినును. అనగా ఒక్క మూషిక కుటుంబము అయిదారు పాములను పోషింపగలదు. ఎదిగిన బాల్ పైథాన్ పది పదునాలుగు దినములకొక ఎలుకతో తృప్తిపడును. సంవత్సరమునకు ముప్పదికి అటునిటు. ఇంట ఒక్క పాము గలవాడు ఎలుకల సంసారమును నెత్తికెత్తుకొనుట వృథాప్రయాస యనియే నా అభిప్రాయము. అట్టివాడు కొనుక్కొనుటయే యుక్తము.

ఇక వసతి. మా సీమలో పెంపకము చెడునది ఇచ్చటనే. ఎలుకలకు హితమైన ఉష్ణము 20 మొదలు 24 డిగ్రీలు. ముప్పది దాటినచో మగవాని బీజశక్తి క్షీణించును, ఈతలు తగ్గును. ఎలుకకు మనవలె చెమట పట్టదు; వేడి హెచ్చినపుడు ఉమ్మిని ఒంటికి పూసికొని చల్లబడ యత్నించును. పావగడలో వైశాఖమాసపు మధ్యాహ్నమున రేకుల కొట్టములో అది యెంతసేపు చాలును? రేకుల కప్పు చవుక యని వేయించినవాడు ఒక్క వేసవితో పెట్టుబడి నంతయు పోగొట్టుకొనును. మన పూర్వులు కట్టిన మట్టిమిద్దె దీనికి శ్రేష్ఠము; మందమైన గోడలు, మట్టికప్పు పగటి వేడిని లోనికి రానీయవు. కిటికీలకు సన్నని ఇనుప జాలి బిగించినచో గాలి వచ్చును, బయటి ఎలుకలు రావు. ఎలుకల వాసనకు వచ్చు పాములును రావు. పెట్టెలు గట్టి ప్లాస్టిక్‌తో చేసినవై, పైన ఉక్కుజాలి మూత గలవై యుండవలెను. కొయ్య పనికిరాదు; కొరుకును, మూత్రమును పీల్చును. పెట్టెలుంచు బల్ల కాళ్ళకు నీటి పళ్ళెములు పెట్టనిచో చీమలు పసికూనలను వదలవు.

పరుపుగా ఎండబెట్టిన వరిఊక చాలును. వారమునకు రెండుమారులు మార్చవలెను. గదిలో అడుగిడగానే కన్నులు మండినచో, అది మూత్రమునుండి పుట్టిన అమ్మోనియా. మనకే మండినప్పుడు, నేలకు జానెడెత్తున రేయింబవళ్ళు దానినే పీల్చు ప్రాణికి ఊపిరితిత్తుల వ్యాధి రాక తప్పదు. ఎలుకలు తుమ్ముట, ముక్కునుండి గురక వినవచ్చుట దీని తొలి గుర్తులు.

ఆహారవిషయమున మా ప్రాంతపు వారికి ప్రత్యేకముగా చెప్పవలసినది ఒకటి కలదు. గోధుమపిండి, వేయించిన సెనగపిండి, పాలపొడి, కొద్దిగా నూనె, లవణములు, విటమినులు కలిపిన ఆహారము మన ప్రయోగశాలలలో వాడుకలో నున్నది. చిట్టెలుక దినమునకు నాలుగైదు గ్రాములు, ఎదిగిన ఎలుక పదునైదు ఇరువది గ్రాములు తినును. శెనక్కాయ పండు సీమ గనుక, అంగడిలో చెల్లని బూజుకాయలను, బూజుపిండిని ఎలుకలకు వేయవచ్చునని తోచుట సహజము. అది కూడదు. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీకోళ్ళు బ్రెజిల్ నుండి వచ్చిన శెనక్కాయపిండిని తిని మరణించినవి. ఆ పిండికి పట్టిన బూజులోని విషమునకే అఫ్లటాక్సిన్ అని పేరు పెట్టిరి. అది కాలేయమును చెరచును. ఎలుకలు దానికి మిక్కిలి లోబడును. మాంసకృత్తులు చాలకపోయినను, నీరు ఒక్క పూట అందకపోయినను తల్లి తన పిల్లలను తినివేయుట కలదు. అది క్రూరత్వము కాదు, మన అశ్రద్ధకు ఫలము.

పెంచినదానిని చంపుట యెవరికిని ఇష్టమైన పని కాదు. కాని పాముల నుంచుకొనువాడు దీనిని తప్పించుకొనజాలడు. బ్రతికియున్న ఎలుకను పాము ముందు విడుచుట సహజమని కొందరు వాదింతురు. అరణ్యమున ఎలుకకు పరుగెత్తుటకు దారి యుండును, పెట్టెలో లేదు. దిక్కులేని ఎలుక తిరుగబడి పామును ఎముక కనబడునట్లు కొరుకుట పలువురు చూచినదే. కావున ముందుగా చంపి యిచ్చుటయే ఉభయులకును దయ. మూతగల పెట్టెలోనికి బొగ్గుపులుసు వాయువును మెల్లమెల్లగా, నిమిషమునకు పెట్టె పరిమాణములో నూటికి 30 మొదలు 70 పాళ్ళు చొప్పున వదలవలెను. ఒక్కుమ్మడిగా నింపిన వాయువు బాధ కలిగించును. అప్పుడే పుట్టిన పిల్లలు ఈ వాయువునకు త్వరగా లొంగవు. చచ్చినవని తలచి తీసినవి మరల కదలుట కలదు. కాలము పొడిగించి, ప్రాణము పోయినదని నిశ్చయించుకొనిన పిమ్మటనే తీయవలెను.

చంపినవానిని సున్నకు దిగువ 18 డిగ్రీలలో ఘనీభవింపజేసి నిల్వచేయుదురు. ఇచ్చునపుడు చల్లనిపెట్టె దిగువ అరలో కరగనిచ్చి, పిదప గోరువెచ్చని నీట వేడిచేయవలెను. ఘనీభవనముచే సాల్మొనెల్లా క్రిమి చావదు. 2010లో అమెరికాలో అనేకులకు ఆ వ్యాధి సోకగా, దాని మూలము పాములకై కొనిన ఘనీభవించిన ఎలుకలని తేలినది. కావున వంటింటి పాత్రలను, వంటసామాను చల్లనిపెట్టెను దీనికి వాడరాదు. చేతులు సబ్బుతో కడుగుకొనవలెను.

కడపటిది వాడిన ఊక. దానిలో ఎలుకలు తినక విడిచిన గింజలు, పిండి ఎంతో కొంత మిగిలియుండును. ఇంటి వెనుక కుప్పపోసినచో చేని ఎలుకలు చేరును. వాని వెంట నాగుపాము, రక్తపింజరి చేరును. 2000 మొదలు 2019 వరకు మన దేశమున పాముకాటున సుమారు పండ్రెండు లక్షలమంది మరణించిరని అంచనా. ఆ మరణములు ఎక్కువగా నున్న రాష్ట్రములలో, తెలంగాణముతో కూడిన ఆంధ్రప్రదేశము ఒకటి. కావున ఇంటికి దూరముగా గొయ్యి తీయించి, ప్రతిమారును ఊకపై జేనెడు మన్ను కప్పవలెను. రెండు వర్షములు పడిన పిమ్మట అదే శెనక్కాయ చేనికి మంచి ఎరువగును.