పాయింట్ గార్డ్‌కి ఫ్రీ త్రో ఎందుకు పడట్లేదు? మీ ఫోన్ కెమెరా ఏం చెప్తుంది, ఏం చెప్పలేదు

రాత్రి పది దాటాక గచ్చిబౌలి, కొండాపూర్, నల్లగండ్ల వైపు అపార్ట్‌మెంట్ల హాఫ్ కోర్టుల్లో బంతి చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది. షిఫ్ట్ అయిపోయి, ఐడీ కార్డు బ్యాగులో పడేసి వచ్చినవాళ్లే ఎక్కువ. ఇలాంటి ప్రతి టీమ్‌లోనూ ఒక పాయింట్ గార్డ్ ఉంటాడు. డ్రిబుల్ సూపర్, పాస్ సూపర్. ఫ్రీ త్రో లైన్ దగ్గర నిలబడితే మాత్రం అందరూ ఊపిరి బిగబట్టాల్సిందే.

ఎవరూ అడ్డురారు, దూరం మారదు, అయినా బంతి పడదు. జేబులో 240 ఎఫ్‌పీఎస్ వీడియో తీసే ఫోన్ ఉన్నప్పుడు ఈ సమస్యని డీబగ్ చేయలేమా? చాలావరకు చేయొచ్చు. ఎంతవరకు, ఎక్కడ ఆగుతుంది అనేదే ఈ స్టోరీ.

పాయింట్ గార్డ్‌కే ఎందుకింత నష్టం?

టీమ్‌లో బంతి ఎక్కువసేపు ఉండేది పాయింట్ గార్డ్ చేతిలోనే. అతనికి షూటింగ్ రాదని తెలిస్తే ఎదుటి డిఫెండర్ దగ్గరికి రాడు. నాలుగు అడుగులు వెనక్కి జరిగి, దారి మూసేసి నిలబడతాడు. దాంతో మిగతా నలుగురికీ ఖాళీ దొరకదు. ఇక ఫ్రీ త్రో కూడా రాదంటే, చివరి నిమిషాల్లో ప్రత్యర్థులు కావాలనే ఫౌల్ చేసి అతన్ని లైన్ దగ్గరికి పంపిస్తారు.

ఈ కథకి అందరికీ తెలిసిన పేరు బెన్ సిమన్స్. 2016 ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో నంబర్ వన్‌గా ఫిలడెల్ఫియా 76ర్స్‌కి వచ్చాడు. 6 అడుగుల 10 అంగుళాల ఎత్తు, పాయింట్ గార్డ్ చూపు, మంచి డిఫెన్స్. 2020-21 రెగ్యులర్ సీజన్‌లో ఫ్రీ త్రోలు 61 శాతం వేశాడు. అదేమీ గొప్ప నంబర్ కాదు, కానీ బండి నడుస్తుంది. ఆ తర్వాత వచ్చిన ప్లేఆఫ్స్‌లో 73 ఫ్రీ త్రోలకి 25 మాత్రమే పడ్డాయి. అంటే 34 శాతం.

అదే చెయ్యి, అదే లైన్, అదే రింగు. రెండు నెలల్లో సగానికి దగ్గరగా పడిపోయింది. ఇందులో టెక్నిక్ ఎంత, ఒత్తిడి ఎంత? ముందు టెక్నిక్ సంగతి చూద్దాం, ఎందుకంటే ఫోన్ పనికొచ్చేది అక్కడే.

ముందు కోర్టుని కొలవండి

రింగు ఎత్తు నేల నుంచి 3.05 మీటర్లు ఉండాలి. ఫ్రీ త్రో లైన్ బోర్డు ముఖం నుంచి 4.6 మీటర్ల దూరంలో ఉండాలి. అపార్ట్‌మెంట్ కోర్టుల్లో ఈ రెండూ కరెక్ట్‌గా ఉంటాయని నమ్మకం పెట్టుకోకండి. మెజర్ యాప్‌తో అంచనా వేయొచ్చు, కానీ పక్కాగా కావాలంటే పాత ఇంచ్‌టేపే బెస్ట్. రింగు రెండు అంగుళాలు కిందికి ఉన్న కోర్టులో నెల రోజులు ప్రాక్టీస్ చేసి, గచ్చిబౌలి బాలయోగి ఇండోర్ స్టేడియం లాంటి సరైన కోర్టులో మ్యాచ్ ఆడితే షాట్లు పొట్టిగా పడటం మామూలే.

ఇప్పుడు కోణం లెక్క. రింగు వ్యాసం సుమారు 45 సెంటీమీటర్లు, మగవాళ్లు ఆడే 7వ సైజు బంతి వ్యాసం సుమారు 24. నిట్టనిలువుగా పడే బంతికి ఈ రింగు చాలా పెద్దది. కానీ ఏటవాలుగా వచ్చే బంతికి అదే రింగు సన్నగా, కోడిగుడ్డు ఆకారంలో కనిపిస్తుంది. 45 డిగ్రీల కోణంలో దిగే బంతికి దొరికే ఖాళీ సుమారు 32 సెంటీమీటర్లు. 30 డిగ్రీలకి పడిపోతే ఆ ఖాళీ 23 మాత్రమే, అంటే బంతి కంటే చిన్నది. రింగుకి తగలకుండా లోపలికి పోయే ఛాన్సే లేదు.

ఫ్లాట్‌గా వేసేవాళ్ల సమస్య ఇదే. నార్త్ కరోలైనా స్టేట్ యూనివర్సిటీ ఇంజినీర్లు కంప్యూటర్‌లో లక్షల కొద్దీ షాట్లు సిమ్యులేట్ చేసి, ఫ్రీ త్రోకి సుమారు 52 డిగ్రీల రిలీజ్, సెకనుకి మూడు చుట్ల బ్యాక్‌స్పిన్ బాగుంటాయని తేల్చారు. 52 డిగ్రీలు కంటితో ఎలా కొలవాలి అనుకుంటున్నారా? ఒక సులువైన గుర్తు ఉంది. బంతి చేతిని వదిలే ఎత్తు సుమారు 2.1 మీటర్లు అనుకుంటే, 52 డిగ్రీల షాట్‌లో బంతి రింగు కంటే సుమారు 70 సెంటీమీటర్లు పైకి వెళ్తుంది. అంటే రింగు మీద మూడు బంతులు ఒకదానిపై ఒకటి పేర్చినంత ఎత్తు. 45 డిగ్రీలకి వేస్తే 40 సెంటీమీటర్లే, రెండు బంతులంత కూడా ఉండదు. వీడియోని ఆ పై పాయింట్ దగ్గర పాజ్ చేసి చూడండి, మీ షాట్ ఏ రకమో వెంటనే తెలిసిపోతుంది.

ఏ ఫ్రేమ్ రేట్ కావాలి?

ఫ్రీ త్రోలో బంతి చేతిని వదిలేటప్పుడు వేగం సెకనుకి సుమారు 7 మీటర్లు. గాల్లో ఉండేది దాదాపు ఒక్క సెకను. ఈ లెక్కన:

- 30 ఎఫ్‌పీఎస్: ఫ్రేమ్‌కీ ఫ్రేమ్‌కీ మధ్య బంతి 23 సెంటీమీటర్లు కదులుతుంది. దాదాపు ఒక బంతి వెడల్పు. రిలీజ్ క్షణం మిస్ అవుతుంది.
- 60 ఎఫ్‌పీఎస్: 12 సెంటీమీటర్లు. కోణం, ఎత్తు చూసుకోడానికి ఇది చాలు. బడ్జెట్ ఫోన్ ఉన్నవాళ్లు బాధపడక్కర్లేదు.
- 240 ఎఫ్‌పీఎస్: 3 సెంటీమీటర్లు. మణికట్టు, చివరి వేలు, బ్యాక్‌స్పిన్ అన్నీ క్లియర్‌గా కనిపిస్తాయి.

గెలాక్సీ ఎస్9తో పాపులర్ అయిన 960 ఎఫ్‌పీఎస్ ఇక్కడ పెద్దగా పనికిరాదు. అసలు రికార్డయ్యేది 0.2 సెకన్లే. సరిగ్గా రిలీజ్ టైమ్‌కి పట్టుకోవడమే ఒక ఆట అయిపోతుంది.

ఇంకో చిక్కుంది, రాత్రి ఆడేవాళ్లకి ఇది ముఖ్యం. మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి చౌక ఎల్‌ఈడీ ఫ్లడ్‌లైట్లు సెకనుకి 100 సార్లు మినుకుమంటాయి. కంటికి తెలీదు, 240 ఎఫ్‌పీఎస్ కెమెరాకి తెలుస్తుంది. వీడియో అంతా వెలుగు-చీకటి గంతులేస్తుంది. ప్రో వీడియో మోడ్ ఉంటే 60 ఎఫ్‌పీఎస్‌లో షటర్ 1/100 పెట్టండి, మినుకు చాలావరకు తగ్గుతుంది. అయితే బంతి కాస్త చెదిరినట్టు కనిపిస్తుంది. షార్ప్ వీడియో కావాలంటే ఆదివారం పొద్దున్నే వెళ్లడమే మార్గం. ఎండ వెలుగుకి మినుకు ఉండదు.

ట్రైపాడ్‌ని సరిగ్గా పక్క నుంచి, లైన్‌కీ రింగుకీ మధ్యలో, కుదిరినంత వెనక్కి పెట్టండి. ఎత్తు, కోణం అక్కడి నుంచే సరిగ్గా కనిపిస్తాయి. తర్వాత ఇరవై షాట్లు వెనక నుంచి తీయండి. ఎడమ, కుడి తప్పులు బయటపడేది అందులోనే.

యాప్‌లు, స్మార్ట్ బంతులు

బంతిలోనే సెన్సర్ పెట్టే ఐడియా కొత్తదేం కాదు. 94ఫిఫ్టీ బంతి ఆర్క్, బ్యాక్‌స్పిన్, రిలీజ్ వేగం కొలిచి బ్లూటూత్‌లో ఫోన్‌కి పంపేది. 2015లో వచ్చిన విల్సన్ ఎక్స్ బంతి షాట్ పడిందా లేదా అని లెక్కపెట్టేది. దానికి ఛార్జింగ్ పోర్టే లేదు, లక్ష షాట్ల వరకు బ్యాటరీ వస్తుందని కంపెనీ చెప్పింది. ఐడియా బాగానే ఉంది, కానీ బంతి లోపల ఉన్న సెన్సర్‌కి మీ మోచేయి ఎటు పోతోందో కనపడదు.

అక్కడే కెమెరా గెలిచింది. 2018 సెప్టెంబర్‌లో ఐఫోన్ టెన్ ఎస్ లాంచ్ స్టేజ్ మీద హోమ్‌కోర్ట్ యాప్‌ని చూపించారు. సెన్సర్ ఏమీ లేకుండా, ఒక్క కెమెరాతో రిలీజ్ కోణం, రిలీజ్ టైమ్, కాలి వంపు, ఒంటి వంపు అప్పటికప్పుడు లెక్కేసింది. ఆ డెమోకి వచ్చిన గెస్ట్ ఎవరో తెలుసా? స్టీవ్ నాష్. రెండుసార్లు ఎంవీపీ అయిన పాయింట్ గార్డ్, కెరీర్ మొత్తంలో ఫ్రీ త్రోలు 90 శాతం పైనే వేసినవాడు.

నాష్ అలవాటు ఒకటి గమనించండి. రిఫరీ బంతి ఇవ్వకముందే, ఖాళీ చేతులతో షాట్ వేసినట్టు చేసేవాడు. ప్రతిసారీ అంతే. దీనికి ఏ యాప్ అక్కర్లేదు, సబ్‌స్క్రిప్షన్ కూడా లేదు.

నంబర్లని తొందరపడి నమ్మొద్దు

పది షాట్లకి ఎనిమిది పడగానే స్టేటస్ పెట్టేయకండి. నిజంగా 60 శాతం వేసే మనిషికి కూడా 100 షాట్ల సెషన్‌లో 50 నుంచి 70 మధ్య ఏదైనా రావచ్చు. డేటా మీద బతికే మనకి ఇది వేరే చెప్పక్కర్లేదు. కనీసం ఐదారు సెషన్లు, 500 షాట్లు చేతిలో పడ్డాకే "ఇంప్రూవ్ అయ్యాను" అనండి.

శాతం కంటే ఉపయోగపడేది మిస్ ఎటు పోయిందన్న లెక్క. పొట్టిగా పడిందా, పొడుగ్గా పోయిందా, ఎడమా, కుడా? ఒక షీట్‌లో నాలుగు కాలమ్‌లు చాలు. అన్నీ పొట్టిగా పడుతుంటే కాళ్ల బలం వాడట్లేదని అర్థం కావచ్చు. ఒక రోజు ఎడమకి, ఒక రోజు కుడికి పోతుంటే రిలీజ్ ఇంకా కుదరలేదన్నమాట.

కెమెరాకి కనపడని కారణం

మార్కెల్ ఫుల్ట్స్ కూడా పాయింట్ గార్డే. 2017 డ్రాఫ్ట్‌లో నంబర్ వన్, చేరింది 76ర్స్‌లోనే. కాలేజీలో త్రీ పాయింటర్లు 41 శాతం వేసినవాడు ఎన్‌బీఏకి వచ్చేసరికి షాట్ మధ్యలో చెయ్యి ఆగిపోతోంది. ఫ్రీ త్రోలో ఆ తడబాటు అందరికీ కనిపించింది. స్లో మోషన్ క్లిప్పులు ఇంటర్నెట్ అంతా తిరిగాయి. మనసులో భయం అన్నారు, నవ్వారు, మీమ్స్ చేశారు. 2018 డిసెంబర్‌లో అసలు సంగతి బయటికొచ్చింది: థొరాసిక్ అవుట్‌లెట్ సిండ్రోమ్. మెడకీ భుజానికీ మధ్య నరాలు, రక్తనాళాలు నొక్కుకుపోయే సమస్య.

వీడియో తప్పు ఎక్కడుందో చూపించింది, ఎందుకుందో చెప్పలేకపోయింది. రోజుకి తొమ్మిది గంటలు ల్యాప్‌టాప్ ముందు వంగి కూర్చునే మనం ఇది గుర్తుపెట్టుకోవాలి. షాట్ ఎత్తినప్పుడు చెయ్యి తిమ్మిరెక్కుతుంటే, పట్టు జారుతుంటే యాప్ అప్‌డేట్ కోసం చూడకండి. డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

ఎవరూ లెక్కపెట్టని షాట్

మళ్లీ సిమన్స్ దగ్గరికి వద్దాం. 2021 జూన్ 20, అట్లాంటా హాక్స్‌తో ఏడో మ్యాచ్. ఓడితే ఇంటికే. మూడున్నర నిమిషాలు మిగిలి ఉన్నాయి, 76ర్స్ రెండు పాయింట్లు వెనక. సిమన్స్ రింగు కిందికి వచ్చేశాడు. ఎదురుగా ఉన్నది తనకంటే చాలా పొట్టివాడైన ట్రే యంగ్. డంక్ చేస్తే అయిపోయేది. సిమన్స్ బంతిని పక్కనున్న మాటిస్ థైబుల్‌కి ఇచ్చేశాడు. థైబుల్‌ని ఫౌల్ చేశారు, రెండు ఫ్రీ త్రోలలో ఒకటే పడింది. మ్యాచ్ 103-96తో పోయింది. ఆ సిరీస్‌లో ఏడు మ్యాచ్‌ల నాలుగో క్వార్టర్లన్నీ కలిపి సిమన్స్ వేసిన షాట్లు మూడే. ఆ తర్వాత 76ర్స్ తరఫున మళ్లీ ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. 2022 ఫిబ్రవరిలో బ్రూక్లిన్‌కి ట్రేడ్ అయ్యాడు.

చాలామంది దీన్ని ఫౌల్ భయంగానే చదివారు: డంక్‌కి వెళ్తే ఫౌల్ చేస్తారు, ఫౌల్ చేస్తే లైన్ దగ్గర నిలబడాలి. మనసులో ఏముందో అతనికే తెలియాలి. మన ఆటలో మాత్రం ఇది రోజూ కనిపించేదే. ఫ్రీ త్రో రాని గార్డ్ మెల్లగా లోపలికి వెళ్లడం మానేస్తాడు. స్కోర్ షీట్‌లో మిస్ ఉండదు, శాతం బాగానే కనిపిస్తుంది. టీమ్ మాత్రం ఓడిపోతుంది.

హోమ్‌కోర్ట్ అయినా, స్మార్ట్ బంతి అయినా వేసిన షాట్లనే లెక్కపెడుతుంది. కాబట్టి ఈ ఒక్క పని మీరే చేయాలి. మ్యాచ్ మొత్తం వైడ్ లెన్స్‌తో మూల నుంచి రికార్డ్ చేయండి, 1080పీ 30 ఎఫ్‌పీఎస్ చాలు. ఇంటికెళ్లాక చూస్తూ షీట్‌లో ఇంకో కాలమ్ పెట్టండి: "ఖాళీ ఉంది, వేయలేదు."

ప్రాక్టీస్ కూడా మ్యాచ్‌లా చేయండి. వరసగా యాభై ఫ్రీ త్రోలు వేయడం వల్ల చెయ్యి కుదురుతుంది, గుండె కుదరదు. మ్యాచ్‌లో అవి ఎక్కువగా రెండేసి వస్తాయి, అదీ ఆయాసంలో. కోర్టు రెండు రౌండ్లు పరిగెత్తి, ఊపిరి తీసుకుంటూనే రెండు వేయండి. మళ్లీ పరుగు, మళ్లీ రెండు. ఈ నంబర్‌ని విడిగా రాసుకోండి. తీరిగ్గా వేసినప్పుడు 70, ఆయాసంలో 45 వస్తుంటే మీరు బాగుచేసుకోవాల్సింది మోచేయి కోణం కాదు.

మా వెర్డిక్ట్

ఇది మారదు అనుకునేవాళ్లకి జేసన్ కిడ్ ఉన్నాడు. మొదటి సీజన్‌లో త్రీ పాయింటర్లు 27 శాతం. జంప్ షాట్ లేదని పేరులోంచి "జే" తీసేసి "ఏసన్ కిడ్" అని ఎగతాళి చేసేవారు. 2009-10లో, 36 ఏళ్లు దాటాక, అదే మనిషి 42 శాతం వేశాడు. 2011లో డాలస్‌తో టైటిల్ గెలిచాడు.

కొత్త ఫోన్ కొనక్కర్లేదు. 60 ఎఫ్‌పీఎస్ తీసే ఫోన్, చిన్న ట్రైపాడ్, ఇంచ్‌టేప్, ఒక షీట్. యాప్ కావాలంటే ఫ్రీ వెర్షన్‌తో మొదలుపెట్టండి. నెల తర్వాత షీట్ తెరిచినప్పుడు ముందు శాతం చూడకండి. "ఖాళీ ఉంది, వేయలేదు" కాలమ్‌లో అంకె తగ్గిందా అని చూడండి. అది తగ్గుతుంటే మీ ఆట సరైన దారిలోనే ఉంది.