కృష్ణా డెల్టా పాసింజరు: పట్టాలు రెండయ్యాయి, వేళలు మారాలి

విజయవాడ జంక్షన్ నుంచి తూర్పుగా బయలుదేరే రైలుమార్గం మధురానగర్, రామవరప్పాడు దాటి నిడమానూరు చేరేసరికి నగరం పలచబడి, ఉప్పలూరు, తరిగొప్పుల, ఇందుపల్లి, దోసపాడుల మీదుగా వరిచేల మధ్య గుడివాడకు చేరుతుంది. అక్కడ అది రెండుగా చీలుతుంది. ఒక పాయ గుడ్లవల్లేరు, కవుతరం, పెడన, చిలకలపూడి మీదుగా మచిలీపట్నంలో (బందరులో) ముగుస్తుంది. రెండోది మండవల్లి, కైకలూరు, ఆకివీడు, ఉండి మీదుగా భీమవరం చేరి, ఒక కొమ్మను పాలకొల్లు, నరసాపురం వైపు పంపి, మరో కొమ్మగా అత్తిలి, తణుకు దాటి నిడదవోలు దగ్గర చెన్నై–హౌరా ప్రధాన మార్గంలో కలుస్తుంది. కొమ్మలన్నీ కలిపితే 221 కిలోమీటర్లు. ప్రధాన మార్గం నుంచి విడిపోయి, కొంతదూరం పక్కగా నడిచి, మళ్లీ దానిలోనే కలిసే ఇలాంటి దారిని రైల్వేవారు లూప్ లైను అంటారు. డెల్టా జనానికి మాత్రం ఇది బందరు బండి, నరసాపురం బండి నడిచే దారి.

పంటసీమల గుండా నడిచే ప్రాంతీయ రైళ్లకు ఈమధ్య కాలపు ఉదాహరణ ఒకటి కాలిఫోర్నియాలో ఉంది. వైను తయారీకి పేరుపొందిన సొనోమా కౌంటీని, దానికి దక్షిణాన శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతం ఒడ్డున ఉన్న మారిన్ కౌంటీని (కౌంటీ అంటే మన జిల్లా వంటి పాలనా విభాగం) కలిపే ‘స్మార్ట్’ రైలు కోసం అక్కడి ఓటర్లు 2008లో తమ కొనుగోళ్ల మీద డాలరుకు పావు సెంటు చొప్పున అదనపు పన్ను కట్టడానికి ఒప్పుకున్నారు. పాత లైనును బాగుచేసి 2017 ఆగస్టులో బండ్లు నడపడం మొదలుపెట్టారు. డెల్టాలో ద్రాక్ష పండదు. చేలగట్ల మీది తాటిచెట్ల కల్లు ఉన్నా, దానికోసం రైలెక్కి వచ్చే పర్యాటకులు లేరు. అయినా ఊళ్లూ పొలాలూ కలగలిసిన చోట రోజూ వెళ్లి వచ్చేవారిని పట్నానికి ఎలా చేర్చాలన్న ప్రశ్న రెండుచోట్లా ఒకటే. అక్కడి జనం పన్ను కట్టి రైలు తెచ్చుకున్నారు. ఇక్కడ పట్టాలు ఎప్పటినుంచో ఉన్నాయి, ఇప్పుడు రెండు వరుసలై, కరెంటు తీగలతో సహా సిద్ధంగా ఉన్నాయి. కొరతల్లా ఉద్యోగుల, విద్యార్థుల వేళలకు సరిపోయే టైంటేబులే.

ఈ లైను రాకముందు డెల్టాలో ప్రయాణం నీటిమీద సాగేది. 1852లో మొదలై 1855లో పూర్తయిన కృష్ణా ఆనకట్ట నుంచి తవ్విన కాలువలను సాగునీటికే గాక పడవలు నడవడానికి కూడా అనువుగా రూపొందించారు. బందరు కాలువ విజయవాడను మచిలీపట్నంతోనూ, ఏలూరు కాలువ కృష్ణా డెల్టాను గోదావరి డెల్టాతోనూ కలిపాయి. మచిలీపట్నం 1611 నుంచి ఇంగ్లీషువారి వర్తక స్థావరంగా ఎదిగిన రేవు. 1864 నవంబరు 1న విరుచుకుపడిన తుపానులో దాదాపు 30 వేల మంది చనిపోయిన తరువాత ఆ పట్నం పూర్వవైభవానికి తిరిగి రాలేదు. 1893లో కృష్ణ మీద రైలు వంతెన పూర్తయ్యాక వ్యాపారమంతా బెజవాడ (విజయవాడ) వైపు మళ్లింది. 20వ శతాబ్దం తొలి దశకంలో బెజవాడ నుంచి బందరుకు వేసిన మీటర్‌గేజ్ లైను, అంటే పట్టాల మధ్య ఒక మీటరు ఎడం ఉండే సన్నమార్గం, ఆ పట్నానికి కొంత ఊరట మాత్రమే ఇవ్వగలిగింది. స్వాతంత్ర్యం వచ్చాక దాన్ని బ్రాడ్‌గేజ్‌గా మార్చారు. పడవలు మెల్లగా కనుమరుగయ్యాయి.

బ్రాడ్‌గేజ్ వచ్చినా లైను ఒక్కటే కావడంతో అసలు ఇబ్బంది తీరలేదు. ఒంటి లైనులో రెండు స్టేషన్ల నడుమ భాగాన్ని బ్లాక్ సెక్షన్ అంటారు, అందులో ఒక సమయంలో ఒక బండి మాత్రమే ఉండాలి. ఎదురు బండి వస్తుంటే ఇటునుంచి వెళ్లేది స్టేషన్‌లోని పక్క పట్టాల మీద ఆగి, అది దాటిపోయాక కదలాలి. దీన్నే క్రాసింగ్ అంటారు. రెండు బండ్లలో ఆగేది ఎప్పుడూ పాసింజరే. ఎక్స్‌ప్రెస్ ఆలస్యమైతే ఆ ఆలస్యం తప్పేమీ లేని పాసింజరు మీద పడుతుంది, అది మరో స్టేషన్‌లో ఇంకో క్రాసింగ్‌ను ఆలస్యం చేస్తుంది. ఈ చిక్కును విప్పడానికే 221 కిలోమీటర్ల మేర రెండో లైను వేసి విద్యుదీకరించే పథకానికి 2011–12లో మంజూరు లభించింది. కేంద్రం, రాష్ట్రం ఖర్చును చెరిసగం భరించే పద్ధతిలో మంజూరై, రైల్వేశాఖ సంస్థ రైల్ వికాస్ నిగమ్ చేపట్టిన ఈ పని దశలవారీగా పూర్తయింది. సగం ఖర్చు రాష్ట్రం భరించాలన్న పద్ధతిలో మంజూరైన రైలుమార్గం మీద ఆ రాష్ట్ర ప్రజల రోజువారీ ప్రయాణానికి తొలి హక్కు ఉండాలని కోరడం అత్యాశ కాదు.

కరెంటు వచ్చాక ఈ దారికి అతికినట్టు సరిపోయే బండి మెము. మామూలు పాసింజరుకు ముందొక ఇంజను ఉంటుంది. మచిలీపట్నం, నరసాపురం వంటి చివరి స్టేషన్లలో బండి తిరుగు ప్రయాణానికి సిద్ధం కావాలంటే ఇంజను విడదీసి, పక్క పట్టాల మీదుగా అవతలి కొసకు తెచ్చి, మళ్లీ తగిలించి, బ్రేకులు పరీక్షించాలి. మెములో విడి ఇంజను ఉండదు. నాలుగు పెట్టెల యూనిట్‌లో ఒక పెట్టె మోటారు కోచ్‌గా ఉండి మిగతావాటిని లాగుతుంది, బండికి రెండు కొసలా డ్రైవరు గది ఉంటుంది కాబట్టి లోకోపైలట్ అవతలి కొసకు నడిచివెళ్తే బండి తిరిగినట్టే. పైగా అది త్వరగా వేగం అందుకుని త్వరగా ఆగుతుంది. నాలుగైదు కిలోమీటర్లకో స్టేషన్ ఉన్న దారిలో ఆదా అయ్యేది గరిష్ఠ వేగం వల్ల కాదు, ఈ కదిలే, ఆగే నిమిషాల వల్లే. విజయవాడ డివిజన్ పరిధిలోని రాజమండ్రిలో మెము షెడ్డు ఉంది కాబట్టి ఈ బండ్ల నిర్వహణ కూడా కొత్త విద్యేమీ కాదు.

ప్రయాణికుల రాకపోకలు ఒకే దిక్కుకు ఉండవు. ఉద్యోగాలకు, చదువులకు, ఆసుపత్రులకు విజయవాడ వచ్చేవారు ఎక్కువే అయినా, కృష్ణా జిల్లా కేంద్రం మచిలీపట్నం కావడంతో కలెక్టరేటుకు, కోర్టుకు, ఇతర కార్యాలయాలకు పొద్దున్నే అటు వెళ్లేవారూ ఉంటారు. గుడ్లవల్లేరు, భీమవరం ఇంజనీరింగ్ కళాశాలల విద్యార్థులు మధ్య స్టేషన్లలో ఎక్కి దిగుతారు. వీళ్లందరికీ ఆధారం సీజన్ టికెట్. 150 కిలోమీటర్ల లోపు దూరానికి ఇచ్చే ఈ నెలవారీ పాసు ధర దాదాపు 15 ఒంటి ప్రయాణాల ఛార్జీకి సమానం, అంటే నెలలో ఎనిమిది రోజులు వెళ్లివస్తే గిట్టుబాటవుతుంది. డిగ్రీ వరకు చదివే అమ్మాయిలకు, 12వ తరగతి వరకు చదివే అబ్బాయిలకు ఇంటినుంచి విద్యాసంస్థకు రెండో తరగతి పాసు ఉచితమన్న సంగతి చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. 2020 మార్చిలో కోవిడ్‌తో ఆగిన పాసింజర్లు ఎక్స్‌ప్రెస్ ఛార్జీలతో తిరిగి రావడంతో 10 రూపాయల కనీస టికెట్ 30 రూపాయలైంది. పాత ఛార్జీ మళ్లీ వచ్చింది 2024 ఫిబ్రవరిలోనే. ఆ నాలుగేళ్లలో షేర్ ఆటోకు, మోటారు సైకిలుకు అలవాటుపడిన ప్రయాణికుణ్ణి తగ్గిన ఛార్జీ ఒక్కటే వెనక్కి తేలేదు.

బస్సుతో పోటీ కూడా తేలికైనది కాదు. విజయవాడ–మచిలీపట్నం దారి నాలుగు వరుసల జాతీయ రహదారి, దాని మీద ఆర్టీసీ బస్సులు ఎడతెగకుండా తిరుగుతాయి. 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీ శక్తి పథకంతో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ప్రయాణం ఉచితమైంది. వాళ్ల విషయంలో ధరలో బస్సును ఓడించలేని రైలు ఇక సమయపాలనలోనే గెలవాలి. కైకలూరు, ఆకివీడు వైపు పరిస్థితి కొంత వేరు. కొల్లేటికి దక్షిణంగా చేపల, రొయ్యల చెరువుల నడుమ సాగే ఈ భాగంలో సరస్సు నీటిని సముద్రానికి చేర్చే ఉప్పుటేరును రైలు వంతెన మీద దాటుతుంది. రోడ్లు ఇరుకు, ఐసు పెట్టెలతో వెళ్లే లారీల రద్దీ ఎక్కువ. చేప ఎటూ లారీలోనే పోతుంది, మనుషులకైనా రైలు అందాలి.

అన్నిటికన్నా పెద్ద ముడి విజయవాడ జంక్షన్ దగ్గరే ఉంది. చెన్నై, హౌరా, కాజీపేట, గుంటూరు మార్గాల బండ్లన్నీ పది ప్లాట్‌ఫారాల మీదే సర్దుకోవాలి కాబట్టి, స్టేషన్ కనిపిస్తున్నా లోపలికి సిగ్నల్ దొరక్క బండి ఆగిపోయే ‘ఔటర్’ అన్న మాట డెల్టా ప్రయాణికులకు చిన్నప్పటినుంచీ పరిచయం. నగరం తూర్పుకు పెరిగి రామవరప్పాడు రింగు కూడలిని ఎప్పుడో మింగేసింది. కొన్ని మెము బండ్లను జంక్షన్ దాకా తేకుండా రామవరప్పాడులోనే ముగించి, అక్కడి నుంచి సిటీ బస్సులతో కలిపితే ఔటర్ బాధ తగ్గి, బండి మరో తిరుగుడుకు దొరుకుతుంది. ఇందుకు ప్లాట్‌ఫారాలు, బండి నిలిపే లైను కావాలి గానీ, మరో 221 కిలోమీటర్ల పట్టాలు అక్కర్లేదు.

రెండో లైను రోజువారీ ప్రయాణికుల కోసమే వేసింది కాదన్నది నిజమే. ఏలూరు మీదుగా వెళ్లే ప్రధాన మార్గానికి ఇది ప్రత్యామ్నాయం. సర్కార్, శేషాద్రి వంటి దూరప్రయాణపు ఎక్స్‌ప్రెస్‌లు ఇటే తిరుగుతాయి. 2023 మేలో పనులు మొదలైన మచిలీపట్నం ఓడరేవు సిద్ధమైతే గూడ్సు బండ్లు కూడా ఈ పట్టాల మీద వాటా అడుగుతాయి. అప్పుడు పాసింజరుకు సమయం వెతకడం కన్నా, బండ్ల వేళల పటంలో ఉదయం, సాయంత్రం కొన్ని గంటలను ఇప్పుడే స్థానిక బండ్లకు కేటాయించడం తెలివైన పని.

కొత్త లైన్ల మాటకొస్తే, ఎర్రుపాలెం నుంచి అమరావతి మీదుగా నంబూరుకు 57 కిలోమీటర్ల మార్గానికి 2024 అక్టోబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. దశాబ్దాలుగా దివిసీమ ప్రజలు అడుగుతున్న మచిలీపట్నం–రేపల్లె లైను మాత్రం కోరికగానే మిగిలింది. కృష్ణకు ఆవలి ఒడ్డున తెనాలి నుంచి వచ్చే లైను రేపల్లెలో ఆగిపోతుంది, ఇవతల బందరులో పట్టాలు ముగుస్తాయి, నడుమ దివిసీమలోని అవనిగడ్డకు రైలు లేదు. కృష్ణ మీద వంతెన కట్టి ఆ రెండు కొసలనూ కలిపేదాకా, ఉన్న పట్టాల మీద చేయగలిగింది చాలా ఉంది. ప్రతి డివిజన్‌కూ రైల్వే వినియోగదారుల సంప్రదింపుల కమిటీ ఉంటుంది. ప్రయాణికుల సంఘాలు, కళాశాలలు, ఉద్యోగ సంఘాలు ఆ కమిటీ ముందు కొత్త ఎక్స్‌ప్రెస్ హాల్టులకు బదులు ఒకే ఒక్క కోరిక ఉంచాలి: ఉదయం 9 గంటలలోపు విజయవాడకూ మచిలీపట్నానికీ చేరేలా, సాయంత్రం 5 తరువాత తిరిగి బయలుదేరేలా, మధ్యలో గంటకొకటి తప్పకుండా మెము బండ్లు నడపాలి.