లారీని మొరాయింపజేసే గాలి బుడగ

పుదుచ్చేరి నెల్లితోపులోనైనా మరో ఊళ్లోనైనా, ఫిల్టరు మార్చాక పాత డీజిల్ లారీ స్టార్ట్ కాకపోతే మెకానిక్ ముందుగా అనుమానించేది ఇంధన గొట్టాల్లో చేరిన గాలినే.

డీజిల్ ఇంజిన్‌కు స్పార్క్ ప్లగ్ ఉండదు. సిలిండర్‌లో గట్టిగా నొక్కుకుపోయి వేడెక్కిన గాలిలోకి నాజిల్ డీజిల్‌ను చిమ్మగానే అది మండుతుంది. పాత లారీల్లో నాజిల్ తెరుచుకోవడానికి వాతావరణ పీడనానికి సుమారు 200 రెట్ల ఒత్తిడి కావాలి. డీజిల్ దాదాపు కుదించుకోదు కనుక పంపు నొక్కగానే ఆ ఒత్తిడి వస్తుంది. మధ్యలో గాలి బుడగ ఉంటే స్ప్రింగులా అణిగిపోతుంది; నాజిల్ తెరుచుకోదు. ఇదే ‘ఎయిర్ లాక్’.

దీనికి విరుగుడు ఎయిర్ తీయడం. ఫిల్టరు మీది బ్లీడింగ్ స్క్రూ వదులు చేసి, బుడగలు ఆగి డీజిల్ ధారగా వచ్చేదాకా హ్యాండ్ పంపు కొట్టి, స్క్రూ బిగించాలి. ఆ తర్వాత ఇంజెక్షన్ పంపు దగ్గరా అలాగే చేయాలి.

మర్నాడు మళ్లీ అదే సమస్య వస్తే ట్యాంకుకూ ఫీడ్ పంపుకూ మధ్యనున్న గొట్టాన్ని చూడాలి. ఇంజిన్ నడిచేటప్పుడు అక్కడ ఒత్తిడి బయటికన్నా తక్కువ. పగులుంటే డీజిల్ బయటికి కారదు, గాలే లోపలికి పోతుంది. తడి లేదు కదా అని లీకు లేదనుకోకూడదు. కొద్దిసేపు పారదర్శక డీజిల్ గొట్టం అమర్చి చూస్తే బుడగలు బయటపడతాయి.

ఒక్క జాగ్రత్త: నాజిల్ నుంచి చిమ్మే ధారకు చేయి అడ్డుపెట్టకూడదు. అది చర్మంలోకి దూసుకుపోగలదు.