చేతికి అందే శిల్పం

పొన్నూరు సహస్రలింగేశ్వర స్వామి గుడిలో ఆంజనేయుడు, గరుత్మంతుడు ఇరవై అడుగులకు మించిన ఎత్తున కొలువై ఉంటారు. చూపున్నవాళ్లు తలెత్తి ఒక్కసారి చూస్తే చాలు, ఆ రూపం మనసులో నిలిచిపోతుంది. చూపు లేనివాళ్లకు మాత్రం పక్కనున్నవారు "చాలా పెద్ద విగ్రహం" అని చెప్పి ఊరుకుంటారు. బజారు సెంటర్లలో నాయకుల విగ్రహాలదీ ఇదే సంగతి. ఎత్తయిన దిమ్మె, చుట్టూ ఇనుప గ్రిల్. అందరి కోసం నిలబెట్టిన శిల్పం కొందరికి అందకుండానే ఉండిపోతోంది.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో చూపు లోపం ఉన్నవారు సుమారు 50 లక్షలు. కళను వికలాంగులకు అందుబాటులోకి తేవాలని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 29వ సెక్షన్ చెబుతోంది. కాబట్టి ఇది ఎవరి దయతోనో జరగాల్సిన పని కాదు.

మరి ఎలా చేయాలి? "తాకనిస్తే సరిపోతుంది కదా" అనిపిస్తుంది. చాలా గుళ్లలో గర్భగుడిలోని మూర్తిని తాకడానికి ఆచారం ఒప్పుకోదు. ఒప్పుకున్నా, అంత ఎత్తు విగ్రహంలో చేతికి అందేది పాదాల వరకే. కన్ను మొత్తం రూపాన్ని ముందు పట్టుకుని, ఆ తర్వాత వివరాల్లోకి వెళుతుంది. చెయ్యి ఒక్కో భాగాన్నీ తడిమి, వాటిని కలుపుకుంటూ రూపాన్ని కట్టుకుంటుంది. అందుకే రెండు చేతుల మధ్య ఇమిడే చిన్న నమూనా కావాలి.

నమూనా అంటే ఉన్నదున్నట్టు కుదించడం కాదు. మరీ దగ్గరగా ఉన్న గీతలను వేలికొన విడివిడిగా పట్టుకోలేదు. నగల్లోని సన్నపు పనితనాన్ని అలాగే కుదిస్తే చేతికి గరుకుదనం తప్ప ఏమీ తెలియదు. కాబట్టి మొత్తం ఆకారం తెలిసేలా ఒక నమూనా, ముఖంలాంటి ముఖ్య భాగాన్ని పెద్దదిగా చూపే మరొకటి ఉంటే మేలు. మన ఎండల్లో ఇంకో జాగ్రత్త కూడా అవసరం. రోహిణి కార్తెలో మధ్యాహ్నం ఆరుబయట ఉన్న కంచును తాకితే చెయ్యి కాలుతుంది. నమూనాను నీడలోనే పెట్టాలి.

తాకితే తెలియనివి మాటలతో చెప్పాలి. మన ఊళ్లలోని అంబేడ్కర్ విగ్రహాన్నే తీసుకోండి. "నిలబడి ఉన్నారు. నీలం రంగు కోటు. ఎడమ చేత్తో రాజ్యాంగాన్ని ఒంటికి ఆనించి పట్టుకున్నారు. కుడి చెయ్యి ముందుకు చాచి చూపుడువేలు ఎత్తారు." నాలుగు ముక్కల్లో రూపం వచ్చేసింది. ముందు మొత్తం రూపం, తర్వాత పై నుంచి కిందికి వివరాలు, చివర్లో చరిత్ర చెప్పాలి. "అద్భుతం", "మహాద్భుతం" అంటే వినేవారికి ఏ రూపమూ కనపడదు.

బ్రెయిలీ పలక ఉండాల్సిందే, కానీ అదొక్కటే చాలదు. పెద్ద వయసులో చూపు పోయినవారిలో చాలామందికి బ్రెయిలీ రాదు. వాళ్లకు ఫోన్‌లో వినిపించే తెలుగు వివరణ కావాలి. దాని క్యూఆర్ కోడ్ చుట్టూ వేలికి తగిలే ఉబ్బెత్తు అంచు లేకపోతే, ఆ కోడ్ ఎక్కడుందో చూపు లేనివారికి తెలియదు. కొద్దిగా చూపున్నవారికి పెద్ద అక్షరాలు, ముదురు రంగు మీద తెల్లటి రాత, మెరవని పలక సాయపడతాయి. ఇన్నీ చేసి దారికి అడ్డంగా బైకులు నిలిపితే చేసిందంతా వృథా.

ఇవి గాలిలో మేడలు కావు. ఇటలీలోని అంకోనాలో, చూపు లేని దంపతుల చొరవతో 1993లో మొదలైన ఒమెరో మ్యూజియంలో శిల్పాలను చేతులతో తాకే చూస్తారు. ఢిల్లీ నేషనల్ మ్యూజియం 2015లో 'అనుభవ్' పేరుతో తాకి చూసే గ్యాలరీ తెరిచింది. ప్రతిరూపాలు, బ్రెయిలీ, వినిపించే వివరణ మూడూ అక్కడ ఒకేచోట దొరుకుతాయి.

మనకు శిల్పుల కొరత లేదు. పల్నాడులో దుర్గి రాతిశిల్పులున్నారు. పొన్నూరుకు పక్కనే ఉన్న తెనాలిలో పాత ఇనుప సామానుతో విగ్రహాలు చేసేవారున్నారు. నట్లు, బోల్టులు, గొలుసులు కలిసి ఒక మనిషిగా మారిన తీరు చూపున్న కంటికన్నా తడిమే వేలికే బాగా తెలుస్తుంది.

పెద్ద విగ్రహానికి ముందు శిల్పులు సాధారణంగా చిన్న మట్టి నమూనా చేస్తారు. ఆర్డరిచ్చినవారు దాన్ని చూసి సరే అన్నాకే అసలు పని మొదలవుతుంది. ఆ తర్వాత నమూనా మూలన పడుతుంది. దాన్నే అచ్చు తీసి కంచులోనో ఫైబర్‌లోనో పోత పోస్తే విగ్రహం ఖర్చులో అది చిన్న భాగమే అవుతుంది. నమూనా ఖాయం చేసేరోజే చూపు లేనివారిని పిలిచి, వాళ్ల చేతికిచ్చి, ఏం తెలిసిందో అడగాలి. తెలియని చోట దిద్దాలి. మున్సిపాలిటీ గానీ, దేవస్థానం గానీ, విగ్రహ కమిటీ గానీ ఇకపై విగ్రహానికి ఒప్పందం రాసుకునేటప్పుడు తాకే నమూనా, తెలుగు వివరణ అని రెండు షరతులు చేర్చితే చాలు. ఈ పని పొన్నూరులోనే మొదలుకావచ్చు.